ఉండవల్లిలో ఒక లెన్స్, మిర్చి యార్డులో ఒక లెన్స్

ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూడటం తేలికే, ఫొటో తీయడమే కష్టం. ఒకే కొండను తొలిచి కట్టిన నాలుగంతస్తుల గుహాలయం అది. మూడో అంతస్తులో స్వామి ఉన్న చోటికి వాకిలి వైపు నుంచి వచ్చినంతే వెలుతురు. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. విగ్రహమేమో ఐదు మీటర్ల పొడవు. వెనక్కి జరుగుదామంటే చోటు లేదు.

నా దగ్గరున్నది సోనీ ఏ6000. 2014లో వచ్చిన మోడల్, ఇప్పటి లెక్కలో పాతదే. బ్యాటరీ, కార్డుతో కలిపి 344 గ్రాములు. దానితోపాటు వచ్చిన కిట్ లెన్స్ 16-50 ఎంఎం జూమ్, విడిగా కొనుక్కున్న సిగ్మా 30 ఎంఎం ఎఫ్ 1.4, దూరానికి 55-210. విశాఖలో రత్నాచల్ రైలు ఎక్కేటప్పుడు మూడు లెన్సులూ సంచిలోనే ఉన్నాయి.

చీకట్లో ఫొటో అనగానే అందరూ ఎఫ్ 1.4 అంటారు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దది. నిజమే, కిట్ లెన్స్ ఎఫ్ 3.5 కన్నా అది ఆరు రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. కానీ ఈ సెన్సార్ మీద 30 ఎంఎం అంటే ఫుల్‌ఫ్రేమ్‌లో, అంటే పాత ఫిల్మ్ సైజు సెన్సార్ మీద, 45కి సమానం. ఆ ఇరుకులో స్వామి పాదాలు వస్తే శిరస్సు రాదు. కిట్ లెన్స్‌ను బాగా వెడల్పుగా చూసే 16 దగ్గర పెట్టాకే మొత్తం పట్టింది. అందులో ఓఎస్ఎస్ ఉంది, అంటే చేతి వణుకును లెన్సే సర్దుతుంది. ఏ6000 బాడీలో ఆ ఏర్పాటు లేదు, సిగ్మాలోనూ లేదు. వెలుతురుకు సెన్సార్ స్పందనను పెంచే ఐఎస్ఓను 1600 పెట్టి, స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి సెకనులో ఎనిమిదో వంతు వేగంతో నొక్కాను. రాయి కదలదు కదా, శేషుడి పడగల దాకా స్పష్టంగా పడింది.

అంతలో ఒక పెద్దావిడ మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. వాడి రెండు చేతులూ కలిపి దండం పెట్టిస్తోంది, వాడేమో విడిపించుకుంటున్నాడు. ఓఎస్ఎస్ నా చేతి వణుకును ఆపగలదు గానీ వాణ్ని ఆపలేదు. అడిగి, సిగ్మా తగిలించి, ఐఎస్ఓ 4000కు పెంచితే సెకనులో 125వ వంతు వేగం దొరికింది. చిన్న చేతుల్ని పట్టుకున్న ముడతల చేతులు అందులో నిలిచాయి. ఏ లెన్స్ కొనాలని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: మీరు తీయబోయేది కదులుతుందా, కదలదా?

ఆటో సంగతి చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ అవతలి విజయవాడ వైపు నుంచి గుహల దాకా 200 అడిగాడు. అదే దారిలో షేర్ ఆటోలో పక్కవాళ్లు చిల్లర డబ్బులతో దిగిపోతున్నారు. మెడలో కెమెరా కనిపిస్తే రేటు మారిపోవడం మా ఆర్కే బీచ్ దగ్గరా ఉంది, ఇక్కడా ఉంది. చిన్న కెమెరా అయినా సరే.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద 55-210తో నీటికాకుల్ని తీస్తుంటే తెనాలి కుర్రాడొకడు ఆగాడు. పెళ్లిళ్లు తీస్తాడట, వాడేది ఏ6400. "కెమెరా చిన్నదైతే పెళ్లివాళ్లు నమ్మరన్నా. గ్రిప్ తగిలించి లావు చేశా, అప్పుడే అడ్వాన్స్ ఇచ్చారు" అన్నాడు. పెళ్లిలో కెమెరా పెద్దదిగా కనపడాలి, అది అతని బతుకుతెరువు. నాకు కావాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మా ఫిషింగ్ హార్బర్‌లో పొడుగు లెన్స్ ఎత్తగానే చేపల బుట్టల దగ్గరి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. అదే ఏ6000 తెరను పైకి వంచి, నడుము దగ్గర పట్టుకుని, తల దించుకుని తీస్తుంటే ఎవరి మాటల్లో వాళ్లుంటారు. నేను ఈ కెమెరాను వదలకపోవడానికి కారణం అదే.

మంగళగిరి మీదుగా గుంటూరు చేరాక, మిర్చి యార్డుకు ముందు చెప్పుకోదగ్గది ఛార్జింగ్ కేబుల్ సంగతి ఒక్కటే. ఏ6000కు పాత మైక్రో యూఎస్‌బీ కావాలి. ఇప్పుడన్నీ టైప్ సీలే. తిరిగి తిరిగి ఒక కొట్లో దొరికితే 250 తీసుకున్నాడు. మూర కూడా లేదు. అయినా పవర్‌బ్యాంకుకు తగిలించి, గోంగూరతో భోజనం ముగించేలోపు బ్యాటరీని కొంత నింపుకున్నాను. మూడొందల పైచిలుకు ఫొటోలకే అయిపోయే బ్యాటరీతో ఊళ్లు తిరిగేవాళ్లకు ఈ సౌకర్యం చిన్నదేమీ కాదు.

ఇక మిర్చి యార్డు. గేటు దాటకముందే ఘాటు గొంతులో దిగింది. హమాలీ ఒకాయన నన్ను చూసి, "ముక్కుకి గుడ్డ కట్టుకోండి, మీ డబ్బాకి కూడా కట్టండి" అన్నాడు. సరైన మాట. ఈ బాడీకి దుమ్ము నుంచి రక్షణ లేదు. 16-50 అయితే ఆన్ చేయగానే గొట్టం ముందుకొస్తుంది, ఆపగానే లోపలికి పోతుంది. ఆ గాలిలో అది నాకిష్టం లేదు. బయటే సిగ్మా బిగించుకుని వెళ్లాను, మళ్లీ బయటికొచ్చేదాకా ఊడదీయలేదు.

ఎటు చూసినా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోసిన వాటిల్లోంచి పైకి తేలిన కాయలు. ఆ ఎరుపుతో ఒక చిక్కుంది. తెర మీద ఫొటో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్, మామూలు హిస్టోగ్రామ్ కూడా సరేనంటుంది. కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి, కాయ మీది ముడత, తొడిమ దగ్గరి మెరుపు పోతాయి. సెన్సార్ పట్టినదంతా దాచే రా ఫార్మాట్‌లో, ఎక్స్‌పోజర్‌ను, అంటే పడే వెలుతురును, 0.7 స్టాప్ తగ్గించి తీశాను. రేకుల కింద ఆ ఎరుపే మనుషుల ముఖాల మీద పడుతుంది. దాన్ని నేను సరిచేయలేదు, అక్కడి వెలుతురే అది.

ఒక షెడ్డులో వినుకొండ వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు తమ టిక్కీల పక్కన కూర్చున్నారు. రాత్రే వచ్చి, వాటి మీదే పడుకున్నారట.

"ఏ పేపరు బాబూ?" అంది ఆవిడ.

"పేపరు కాదమ్మా, నా ఇష్టానికే."

"తియ్యనీవే, పోయేదేముంది" అన్నాడు భర్త.

ఎఫ్ 1.4లో తీశాను. ముఖం మీద పక్కవెలుతురు, కంటి రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు, వెనకంతా మెత్తటి ఎరుపు. ఈ లెన్స్‌కు డబ్బు పెట్టేది అలా కరిగిపోయే వెనకభాగం కోసమే. తెర చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"నా ఎనక కాయలేవి? గోడకి రంగు పూసినట్టుంది."

ముఖం బాగా కనపడాలని అలా తీశానని చెప్పాను.

"ఆర్నెల్లు మందులు కొట్టి, నీళ్లు పెట్టి, కూలోళ్లని బతిమాలి కోయించింది కాయల్ని. నా మొహం చూసి ఎవరు రేటు కడతారు బాబూ?"

నాకు జవాబు దొరకలేదు. ఆవిడ చెప్పింది న్యాయం. ఫొటోలో నాకు అందం కావాలి, ఆవిడకు తన పంట కావాలి. ఆ ఫొటో ఆవిడది.

వెనకున్నవీ స్పష్టంగా పడేలా రంధ్రాన్ని చిన్నది చేసి, ఎఫ్ 8కి తిప్పి, రెండున్నర మీటర్లు వెనక్కి జరిగాను. ఈసారి ఆవిడే లేచి, కొంగు సర్దుకుని, బస్తా నోరు విప్పదీసి, గుప్పెడు కాయలు పైకి లాగి సర్దింది. భర్తను పక్కకు జరగమంది. నొక్కాను. ఆవిడా, బస్తా, వెనక పేర్చిన టిక్కీల కుట్లూ అన్నీ స్పష్టంగా పడ్డాయి. వాళ్లబ్బాయి వాట్సాప్ నంబరు ఇచ్చింది. కెమెరా వైఫైతో అక్కడే నా ఫోన్‌లోకి తెచ్చుకుని పంపాను.

నా ఫోన్ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. రెండు వేళ్లతో తన ముఖం దాటించి, బస్తా దగ్గర పెద్దది చేసి, భర్త కళ్ల ముందు పెట్టింది. "చూడు, తాలు కాయ ఒక్కటన్నా కనపడుద్దేమో."