నార్మల్ అని వచ్చిన రిపోర్టు

పోయిన వానాకాలంలో మా బాబుకి కాళ్ళ నిండా పుండ్లు లేచాయి. పూతమందు రాస్తే మానిపోయాయి. ఆ తర్వాత రెండు మూడు వారాలకి, ఓ పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. మధ్యాహ్నం బాత్‌రూమ్‌లోంచి పిలిచాడు. వెళ్ళి చూస్తే మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది.

ల్యాబ్‌లో రక్తం, మూత్రం ఇచ్చి సాయంత్రానికి రిపోర్టు తెచ్చుకున్నాం. రక్తపరీక్షల్లో ఒక్క ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (లివర్, ఎముకల నుంచి వచ్చే ఎంజైమ్) దగ్గరే లావు అక్షరాలు: 290, ఉండాల్సింది 130 లోపు. లివర్‌కేదో అయిందని మావారు కంగారుపడ్డారు. క్రియాటినిన్ 1.0, దాని పక్కన 0.6 నుంచి 1.2. ఆ కాగితం ప్రకారం కిడ్నీలకి ఏమీ కాలేదు.

పిల్లల డాక్టరమ్మ ఆ 290ని పట్టించుకోనే లేదు. బీపీ చూశారు, ఎక్కువగా ఉంది. వాణ్ణి గోడకి ఆనించి ఎత్తు కొలిపించారు, 105 సెంటీమీటర్లు. క్రియాటినిన్ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఫోన్‌లో ఏదో లెక్క కట్టారు.

"ఇవి పెద్దవాళ్ళ కొలతలమ్మా. ఐదేళ్ళవాడికి 0.3, 0.4 దగ్గర ఉండాలి. కిడ్నీలు సగం కూడా పనిచెయ్యట్లేదు. ఇప్పుడే అడ్మిట్ చెయ్యండి."

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడకట్టి పంపేస్తాయి. పసివాళ్ళకి కండ తక్కువ, కాబట్టి అదీ తక్కువే ఉండాలి. ఎత్తుని 0.413తో హెచ్చవేసి క్రియాటినిన్‌తో భాగిస్తే కిడ్నీ వడపోత సుమారుగా తెలుస్తుందట. మావాడికి 43 వచ్చింది, 90 పైన ఉండాలి. మమ్మల్ని భయపెట్టిన 290 మాత్రం ఎముకలు ఎదుగుతున్న పిల్లల్లో మామూలే. ఎదిగే వయసులో అది ఇంకా పెరిగి, ఆడపిల్లల్లో ముందుగా, మగపిల్లల్లో ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా దిగుతుందని చెప్పారు.

పుండ్లకి కారణమైన స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మీద శరీరం చేసిన పోరాటమే కిడ్నీల వాపు తెచ్చింది. రక్తంలో సీ3 అనే రోగనిరోధక ప్రోటీన్ తగ్గడం చూసి ఖాయం చేశారు. నీరు లాగే ఇంజెక్షన్లు, బీపీ మందు, ఉప్పు బంద్. చప్పిడి పప్పన్నం చూసి వాడు ఏడుస్తుంటే నాకూ ముద్ద దిగేది కాదు. తాగిన ప్రతి గుక్కా, పోసిన మూత్రమూ కొలిచి రాసేదాన్ని. మూత్రం పెరిగేకొద్దీ వాపు దిగింది, బరువూ తగ్గింది. నెల తర్వాత క్రియాటినిన్ 0.4.

ఆసుపత్రిలో కూర్చున్నన్నాళ్ళూ ఒకటే ప్రశ్న: పిల్లలకి ఇంత ఉండాలని ఎవరు తేలుస్తారు? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కనీసం 120 మందిని పరీక్షించి, మధ్యలోని 95 శాతం మంది విలువల్ని హద్దుగా తీసుకుంటారట. పిల్లల్లో అయితే వయసువారీగా, అవసరమైన చోట ఆడా మగా వేరుగా, ఒక్కో గుంపుకీ అంతమంది కావాలి. జబ్బు లేని పిల్లాడికి సూది గుచ్చనివ్వడానికి ఏ తల్లికైనా మనసొప్పడం కష్టం. అయినా టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి కాలిపర్ పేరుతో వేలాది పిల్లల రక్తం సేకరించి ఈ పని చేసింది. మన దేశంలో 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్తమూ తీశారు. వాళ్ళలో ఆరోగ్యవంతుల లెక్కలు చూసి, మన పిల్లల హిమోగ్లోబిన్ హద్దు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదానికంటే తక్కువగా ఉండాలని 2021లో పరిశోధకులు సూచించారు. ఆ సూది పోటు భరించిన పిల్లలకీ, సరేనన్న తల్లులకీ నేను చేతులెత్తి మొక్కుతాను.

మా రిపోర్టు ఇంకా నా దగ్గరుంది. పై వరుసలోనే వయసు 5, మగ అని అచ్చయి ఉంది. ఆ రెండూ చూసి హద్దులు మార్చుకునేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టమని ల్యాబ్‌వాళ్ళని అడిగాను. అందరికీ ఒకటే వస్తుందన్నారు. మళ్ళీ అడుగుతాను. బాబుకి ఇప్పుడు ఆరేళ్ళు, సీ3 మామూలుకొచ్చింది, బీపీ మందు ఆపేశారు. మూత్రం మాత్రం అప్పుడప్పుడూ పరీక్ష చేయిస్తున్నాం.