ముందు కీమో, తర్వాతే ఆపరేషన్: మా నాన్న పొట్ట క్యాన్సర్

మా నాన్నకు పొట్టలో, అంటే తిన్న అన్నం చేరే జీర్ణాశయంలో, క్యాన్సర్ అని తెలిశాక ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ అడిగింది ఒకటే. "ఇంకా కోయించలేదా? ఈలోపు పాకిపోదూ?"

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు, పైగా చుట్ట అలవాటు. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందనేవాడు. ఊళ్లో గ్యాస్ మాత్రలు ఇచ్చారు, కొన్నాళ్లు గడిచింది. చేలో నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని ఒంగోలు తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7 దగ్గర ఉంది. రక్తం ఎక్కడ పోతోందని ఎండోస్కోపీ చేశారు. పొట్ట కింది భాగంలో పుండు కనపడింది, ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్షలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని వచ్చింది.

ఒంగోలులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వచ్చే వారమే ఆపరేషన్ చేసేద్దామన్నారు. బాబాయి డబ్బు కట్టడానికి సిద్ధమయ్యాడు. నాకు మనసొప్పక, ఇంకొకరికి చూపిద్దామని గుంటూరు తీసుకెళ్లాను. అక్కడ క్యాన్సర్ సర్జన్ సీటీ ఫిల్ములు చాలాసేపు చూశారు. గడ్డ పొట్ట గోడలో లోతుగా దిగింది, పక్కన లింఫ్ గ్రంథులు (క్యాన్సర్ పాకే చిన్న గడ్డలు) కొన్ని ఉబ్బాయి, ఇలాంటప్పుడు ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో అన్నారు. అంతకంటే ముందు బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరాతో కడుపు లోపల, అవయవాల చుట్టూ చూశారు. కడుపు లోపలి పొర మీద క్యాన్సర్ పాకిన ఆవగింజంత మచ్చలుంటే సీటీకి దొరకకపోవచ్చట. అవి ఉంటే పొట్ట తీసేసినా లాభం అంతంతే. మాకు అవి లేవు.

బాబాయికి ఇదంతా నచ్చలేదు. "కత్తితో పోయేదానికి మందులెందుకమ్మాయ్, నాన్చబాకండి" అన్నాడు. ఆయనది ప్రేమే, కాదనను. కానీ కంటికి కనపడని కణాలు అప్పటికే రక్తంలోకి పోయి ఉంటే, వాటి దగ్గరికి కత్తి వెళ్లలేదు, మందు వెళ్తుంది. ఫ్లాట్ (FLOT) అనే నాలుగు మందుల కీమో, రెండు వారాలకొకటి చొప్పున ముందు 4, తర్వాత 4. జర్మనీలో చేసిన పరిశోధనలో అంతకుముందు వాడే కీమో కంటే దీంతో ఎక్కువ కాలం బతికారని 2019లో తేలింది.

ఆపరేషన్‌కు ముందు ఆ వారాల్లో కీమో ఒక్కటే కాదు, చాలా జరిగింది. నా ఉద్దేశంలో అసలు వైద్యం అదే. నాన్న బాగా చిక్కిపోయాడు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువగా ఉంది. ఈ స్థితిలో కోస్తే పేగు అతుకు మానక లీకవుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది అని డాక్టరు చెప్పారు. డైటీషియన్ కిలో బరువుకు రోజుకు దాదాపు ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ పెట్టమంది. అమ్మకు గ్రాముల లెక్క ఏం తెలుస్తుంది? గుడ్డుకు 6 గ్రాములని నేను చెప్తే, గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటూ గుడ్లు, పెసరపప్పు, చేప, పెరుగు గంట గంటకూ కొంచెం కొంచెం పెట్టింది. రక్తానికి ఐరన్ ఇంజెక్షన్ సెలైన్‌లో ఎక్కించారు. మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇచ్చి గాలి లోపలికి పీల్చి బంతులు పైకి లేపమన్నారు. మొదట్లో నాన్నకు ఒక్క బంతే లేచేది.

చుట్ట దగ్గరే పెద్ద గొడవ. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు మానాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది, గాయం మానదు అన్నారు. పొగాకు పండించే మనిషి ఇంట్లో చుట్ట దాచడం ఎవరి తరం! చివరికి సర్జన్ "మీరు మానినరోజే నేను ఆపరేషన్ డేట్ ఇస్తా" అన్నాక మానాడు.

ఆ సర్జన్‌ని నేను, ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని అడిగాను. బాబాయి నా మోచేయి గిల్లాడు. సర్జన్ మాత్రం నొచ్చుకోకుండా లెక్క చెప్పారు. ఎవరైనా అడగాలి. ఎక్కువగా చేసే ఆసుపత్రుల్లో పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత మరణాలు తక్కువని అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. తేడా అన్నిటికంటే ఎక్కువ క్లోమం ఆపరేషన్లో. పొట్టకు అంత కాకపోయినా ఉంది. సర్జన్ చెయ్యే కాదు, రాత్రి రెండింటికి జ్వరమొస్తే లీకేమోనని అనుమానించే నర్సులూ అక్కడ ఉంటారు.

ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చాక ఆపరేషన్ జరిగింది. పొట్ట కింది భాగం చాలావరకు తీసేసి, చుట్టూ ఉన్న గ్రంథులన్నీ ఒలిచారు. మర్నాడే లేపి నడిపించారు, అమ్మ ఏడ్చింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద రోజూ ఇంజెక్షన్, ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు నేనే వేశాను.

తీసిన పొట్ట పరీక్ష రిపోర్టు వచ్చినప్పుడు అందరూ స్టేజీ ఏదని, అంటే ఎంత పాకిందని చూస్తారు. కోసిన అంచులు క్యాన్సర్ లేకుండా క్లీన్‌గా ఉన్నాయా, ఎన్ని గ్రంథులు చూశారు అన్నవి కూడా చూడాలి. పొట్టకైతే కనీసం 16 పరీక్షించాలి. తక్కువ చూస్తే స్టేజీనే నమ్మలేం.

ఇంటికొచ్చాక కష్టం తిండితోనే. సంక్రాంతికి అరిసె తిన్న కాసేపటికే ఒళ్లంతా చెమట, గుండె దడ. గుండెపోటేమోనని హడలిపోయాం. తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే అలా అవుతుందట. ఇప్పుడు రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం, నీళ్లు అన్నంతో కాకుండా విడిగా. తర్వాతి కీమో పూర్తిగా పడలేదు, చేతులు తిమ్మిరెక్కి డోసు తగ్గించి మధ్యలో ఆపారు. ఆ జర్మనీ పరిశోధనలో కూడా మొత్తం 8 పూర్తి చేసినవాళ్లు సగం కంటే తక్కువే.

మొన్న పక్క ఊరి నుంచి ఒకబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకు పెద్దపేగులో క్యాన్సర్, మా లాగే ముందు కీమో చేయించాలా అని. మా లెక్క మీకు పనికిరాదని చెప్పాను. పెద్దపేగుకు, వేరేచోటికి పాకకపోతే, ఎక్కువగా ముందు ఆపరేషనే చేస్తారు. గ్రంథులు కనీసం 12 చూడాలి. మలద్వారానికి దగ్గరగా ఉంటే మళ్లీ వేరు, చాలామందికి ముందు రేడియేషన్ ఇస్తారు. గడ్డ సరిగ్గా ఎక్కడుందో కొలొనోస్కోపీ రిపోర్టులో చూసి చెప్పమన్నాను. చుట్ట సంగతి కూడా అడిగాను. వాళ్ల నాన్న బీడీ తాగుతాడట.