ముందు అన్నం, తర్వాతే కాయితాలు
ఒడిశా బరంపురంలో, ఇంట్లో హింస పడలేక బయటికొచ్చినోళ్లు తలదాచుకునే మా షెల్టర్‌కి వచ్చే ఆడాళ్లలో తెలుగోళ్లు చాలామందే, ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఇటు కోడళ్లుగా వచ్చినోళ్లు, ఒడియా వింటే అర్థమవుతాది గానీ స్టేషన్‌లో నోరు పెగలదు. నేనిక్కడ కేస్ మేనేజర్‌ని, అంటే కౌన్సెలింగ్ చెప్పడమే అనుకుంటారు, సగం పని కాయితాలే. ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే గృహహింస కేసులు చూసే ఆఫీసర్, డీఐఆర్ (ఇంట్లో జరిగిన హింస మీద రిపోర్టు) రాస్తుంటే పక్కన కూచుని ఒక్కో లైనూ తెలుగులో చెప్తాను, వచ్చినామె ఊఁ అంటేనే సంతకం.

మొన్నామధ్య ఒక చెల్లి వచ్చింది, కాళ్లకి చెప్పుల్లేవు, కొంగు ముడిలో ఆధార్ కార్డు, పిల్లాడి టీకాల కార్డు, అంతే. వాడైతే అన్నం ముందు కూచున్నా అమ్మ చీర వదల్లేదు. నేనేం అడగలేదు, తిని పడుకోమన్నాను, వచ్చీరాగానే ఏం జరిగిందని మొదలెడితే మనిషి బిగుసుకుపోతాది.

పొద్దున్న తనే అడిగింది, "అక్కా, ఇల్లు ఆయన పేరు మీదుంది, గెంటేస్తే ఇంకంతేనా?"

అంతే కాదమ్మా. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేరునున్నా అందులో ఉండే హక్కు నీకుంది. కేసు అత్తారి ఊళ్లోనే వెయ్యాలనీ లేదు, ఇప్పుడు తలదాచుకున్న చోట వెయ్యొచ్చు, బోర్డర్ దాటి పుట్టింట్లో ఉంటే అక్కడా వెయ్యొచ్చు.

నాకు కడుపు మండేదెక్కడంటే, ఆ చెల్లి ఒంటి మీద వాతలు చూసి కూడా పుట్టింటోళ్లు ఫోన్‌లో "సర్దుకుపోవే" అన్నారు. ఆ మాట అనకండి, దండం పెడతాను. దార్లు తెలీకపోతే ఆడాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ కొట్టండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు.