గుణదల నుంచి లూర్దు దాకా

మొన్ననే బెజవాడ చేరాం. కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు. సూట్‌కేసులో ఆవకాయ సీసా పగిలిన కథ మళ్లీ ఎప్పుడైనా చెప్తా. ఫ్రాన్స్‌లో మా గుంపు చాలావరకు బస్సు కిటికీలోంచే చూసింది, ఒక్క మేరీమాత క్షేత్రం లూర్దు తప్ప.

అక్కడ రాత్రి 9 గంటలకి కొవ్వొత్తుల ఊరేగింపు. 1858లో బెర్నదెత్ అనే 14 ఏళ్ల పిల్లకి గుహ దగ్గర మేరీమాత 18 సార్లు కనిపించిందని నమ్మకం. ఆ జ్ఞాపకంగానే ఇదంతా. ముందు చక్రాల కుర్చీల్లో రోగులు, వెనక మేం. పాటలో "ఆవే" (లాటిన్‌లో వందనం అని) అనగానే వేల కొవ్వొత్తులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. నేను ఉత్సాహంగా ఎత్తేసరికి కొవ్వొత్తి చుట్టూ ఉన్న కాగితం తొడుగు అంటుకుంది! పక్కనున్న పెద్దావిడ, ఏ దేశమో ఏమో, చేత్తో తట్టి ఆర్పేసి, తన కొవ్వొత్తితో నాది మళ్లీ వెలిగించింది.

మా పిన్ని మాత్రం "కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలే?" అని ఒకటే గొడవ. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా మా బెజవాడ గుణదల మేరీమాత తిరునాళ్లలో జనాన్ని తోసుకుంటూ కొండెక్కిన మనిషి మరి. చివర్లో చుట్టూ చూసి, "ఇక్కడ తోపులాటే లేదేంటే" అంది, కాస్త వెలితిగా.