ఏడో నెలలో ఊరు మారితే

ఏడో నెలలో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చాం. ఇల్లు దొరకడం కన్నా నార్మల్ డెలివరీకి ఓపిక పట్టే డాక్టరు దొరకడమే కష్టమైంది. మొదట వెళ్లిన చోట బీపీ కూడా చూడకుండానే "ముహూర్తం ఏమైనా పెట్టించుకున్నారా?" అని అడిగారు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 80 దాటింది, కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు గానీ నాకు ఒళ్లు మండింది. ఇక ప్రతిచోటా అవే ప్రశ్నలు వేశాను, నొప్పులప్పుడు నడవనిస్తారా, పక్కన అమ్మను ఉండనిస్తారా, మిడ్‌వైఫ్ ఉంటారా, పోయిన ఏడాది ఎన్ని సిజేరియన్లు చేశారు అని. చివరిదానికి మొహం చిట్లించకుండా అంకె చెప్పిన డాక్టరమ్మ దగ్గరే ఆగాను. అవసరమైతే ఆపరేషన్ తప్పదని కూడా ఆవిడే ముందు చెప్పారు. మా అత్తయ్య మాత్రం ఇంకా పంచాంగం మూయలేదు.