చేపముల్లుకి 108

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

ముల్లు బయటికొచ్చి నాలుగు గంటలు దాటింది. స్టీలు ట్రేలో దూది మీద పెట్టి చూపించారు కూడా. బియ్యపు గింజకి రెండింతలు ఉంటుందేమో, అంతే. ఆ కాస్త దానికోసం నేను పట్టపగలు, మా వీధి వీధంతా చూస్తుండగా, 108 ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాను. గొంతులో ఇంకా ఏదో గీరుకుంటున్నట్టే ఉంది. నిద్ర రావడం లేదు. అది గొంతు మంట వల్లో, సిగ్గు వల్లో తెలియదు.

తప్పు నాదే. పొద్దున్న సంతలో శీలావతి తాజాగా కనిపించింది. కైకలూరు వైపు చెరువుల చేప, రెండు కిలోలు ఉంటుంది. మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది. రెండింటికి కూర్చున్నాను. కంచం పక్కన ఫోను పెట్టుకుని క్రికెట్ చూస్తూ తింటున్నాను. శీలావతి తోక వైపు ముక్కల్లో చీలిక ముళ్లుంటాయి, కంటికి ఆనవు, వేలికి తగలాల్సిందే. నా వేళ్లు కంచంలో ఉన్నాయి, కళ్లు ఫోన్లో ఉన్నాయి. వికెట్ పడింది, ముల్లూ దిగింది.

ఇక ఇంట్లో వైద్యం మొదలైంది. అమ్మ ఉత్త అన్నం ముద్దలు చేసి నమలకుండా మింగమంది. నాలుగు మింగాను. తర్వాత అరటిపండు. తర్వాత పక్కింటి ఇంటర్ కుర్రాడు వచ్చి, నిమ్మరసం తాగితే ముల్లు కరిగిపోతుందని యూట్యూబ్‌లో ఉంది బాబాయ్ గారూ అన్నాడు. అదీ తాగాను. ముల్లు కరగలేదు గానీ గొంతు భగ్గుమంది. ఆ మంటకి దగ్గు, దగ్గుకి కళ్లమ్మట నీళ్లు, మొహం ఎర్రబడిపోవడం. మా ఆవిడ నా మొహం చూసి ఒక్క మాటే అంది. "మామయ్యగారి అప్పుడు కూడా ఇలాగే కూర్చున్నాం."

అంతే. ఇంక ఎవరూ ఎవర్నీ అడగలేదు. కుర్రాడు 108 కొట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం అనేది కూడా రాసుకోవాలి. మా ఊళ్లో చెవి ముక్కు గొంతు డాక్టరు ఒకాయన ఉన్నాడు, ఆదివారం క్లినిక్కు ఉండదు. మా వీధి చివర ఆర్ఎంపీ పెళ్లికి వెళ్లాడు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ ఉండదు. తెరిచి ఉండే తలుపు ఒక్కటే, క్యాజువాలిటీ. చిన్న జబ్బులకి అక్కడికి ఎందుకు పరిగెడతారని పేపర్లో చదివి విసుక్కున్నవాణ్ణే నేను. ఆదివారం నాడు చిన్న జబ్బు వస్తే ఎక్కడికి వెళ్లాలో ఆ రాసినవాళ్లూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు.

ఫోన్లో వాళ్లు ఏ జిల్లా, ఏ మండలం, ఏ ఊరు, దగ్గర్లో గుడో బడో ఏముంది, పేషెంటు మాట్లాడుతున్నారా, ఊపిరి ఆడుతోందా అని వరసగా అడిగారు. కుర్రాడు అన్నిటికీ "చాలా సీరియస్ అండీ" అనే చెబుతున్నాడు. నేను పక్కనుంచి కాదురా అని చెయ్యి ఊపుతున్నాను. ఇరవై నిమిషాలు కాకముందే బండి వచ్చింది.

అది ఆగగానే వీధి అంతా గుమ్మాల్లోకొచ్చింది. అందరి కళ్లూ మా అమ్మ మీదే. ఆవిడకి డెబ్భై ఆరు. "పెద్దావిడకా?" అని ఎవరో అడగనే అడిగారు. ఆవిడకి ఒళ్లు మండి "నాకేం రోగం, వాడికే" అంది. బండిలోంచి దిగిన టెక్నీషియన్ కుర్రాడు స్ట్రెచర్ మీద చెయ్యేసి "పేషెంట్ ఎవరండీ?" అన్నాడు. లుంగీలో, గుమ్మంలో నిలబడి ఉన్న నేను చెయ్యెత్తాను, బళ్లో హాజరు చెప్పినట్టు.

అతను నవ్వలేదు, అందుకు రుణపడి ఉంటాను. ఊపిరి బాగా ఆడుతోందా, ఉమ్ము మింగగలుగుతున్నారా, నోట్లోంచి చొంగ కారుతోందా, గొంతు మారిందా, రక్తం పడిందా అని అడిగాడు. వేలికి క్లిప్పు పెట్టాడు, బీపీ చూశాడు. బీపీ నూట అరవై. "ఇది ముల్లుది కాదు సార్, టెన్షన్‌ది" అన్నాడు. ఉమ్ము కూడా మింగలేకపోతున్నా, ఆయాసం వస్తున్నా ఒక్క నిమిషం ఆగకూడదట. నాకు రెండూ లేవు. "నిజానికి ఆటోలో వెళ్లిపోవచ్చు. పిలిచారు, వచ్చేశాం. ఎక్కండి" అన్నాడు. అప్పటికైనా ఆటో పిలుచుకుంటానని అనాల్సింది. అనలేదు. వీధంతా చూస్తోంది, ఎక్కకపోతే ఇంకా నవ్వుతారనిపించింది. ఎక్కేశాను.

దారిలో అతన్ని అడిగాను, ఇలాంటివి ఎన్ని వస్తాయని. లెక్క చెప్పలేదు గానీ రకాలు చెప్పాడు. పంటినొప్పి వాళ్లు, మందు ఎక్కువై పడిపోయినవాళ్లు, నాలుగు రోజుల జ్వరం ఉన్నట్టుండి అర్ధరాత్రి గుర్తొచ్చినవాళ్లు. పండగ ముందు కడుపునొప్పని ఎక్కి, టౌన్లో ఆసుపత్రి గేటు దగ్గర దిగగానే సంచి పట్టుకుని బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయినాయన కూడా ఉన్నాడట. పైలట్ ముందు సీట్లోంచి వింటూ "ఆయన టాటా కూడా చెప్పాడు" అన్నాడు. 108లో డ్రైవర్‌ని పైలట్ అనే అంటారు. నాకా మాట మొదట్నించీ ఇష్టం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సర్వీసు మొదలైనప్పుడు ఎవరూ నమ్మలేదు, ఫోన్ చేస్తే బండి ఊరికే వస్తుందా అని. అంతకుముందు మా వైపు పురిటి కేసులు రిక్షాల్లో, ట్రాక్టర్ తొట్లలో రావడం నేను చూశాను. 2020 జూలైలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 బళ్లు కలిపి వెయ్యికి పైగా వరసగా నిలబెట్టింది టీవీలో చూసి అమ్మ, మన ఊరిది ఏదో చూపించమంది.

మండలానికో బండి అన్నారు అప్పుడు. ఆ ఒక్కటీ సుమారు గంటసేపు నా దగ్గర ఉంది. ఆ గంటలో ఎవరికీ ఏమీ కాలేదని బండి దిగేటప్పుడు అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్నా మనసు తేలికపడలేదు.

క్యాజువాలిటీలో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. బండిలో వచ్చినంత మాత్రాన ముందు చూడరని అక్కడే తెలిసింది. నా ముందు ఒక పెద్దావిడ, గుండెల్లో మంట. కోడలు విసుక్కుంటోంది, "పొద్దున్న బజ్జీలు తిన్నారండీ, గ్యాసే, ఈవిడకి ప్రతి ఆదివారం ఉండేదే" అని. డ్యూటీ డాక్టరమ్మ మా అమ్మాయి వయసుంటుంది. ఏమీ మాట్లాడకుండా ఈసీజీ తీయించింది. కాగితం చూసి "గ్యాసే" అంది. కోడలు నేను చెప్పలేదా అన్నట్టు చూసింది. డాక్టరమ్మ అన్నమాట మాత్రం రాసుకోవాలి. "నేనూ అదే అనుకున్నాను అమ్మా. కాకపోతే ఆ మాట ఈసీజీ తీశాకే అంటాను."

నా వంతు వచ్చేసరికి ఆరున్నర. నాలుకని చెక్కతో నొక్కి, టార్చి వేసి, కుడివైపు టాన్సిల్ దగ్గర ముల్లు కనిపించిందంది. నా అదృష్టమట, కాస్త కిందికి ఉంటే విజయవాడ పంపాల్సి వచ్చేదట. పొడుగాటి పట్టకారుతో ఒక్క లాగు. వాంతి వచ్చినంత పనైంది గానీ అయిపోయింది. అన్నం ముద్దలు మింగానని చెబితే తల పట్టుకుంది. ముద్ద ముల్లుని తోసేస్తుంది, లోపలికి గుచ్చుకుంటే కష్టం, ఇంకెప్పుడూ చెయ్యకండి అంది. ఈ విషయం అమ్మకి ఇంకా చెప్పలేదు.

అక్కడ బెంచీ మీద కూర్చున్న రెండు గంటలూ నేను ముల్లు గురించి ఆలోచించలేదు. నాన్న గురించి ఆలోచించాను.

2011, కార్తీక మాసం. రాత్రి తొమ్మిదిన్నరకి మంచినీళ్ల గ్లాసు నాన్న చేతిలోంచి జారిపోయింది. కుడిచెయ్యి తిమ్మిరెక్కింది అన్నాడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది. అమ్మ కొబ్బరినూనె రాసి మర్దన చేసింది. 108కి చేస్తాను నాన్నా అన్నాను. అప్పటికి అది వచ్చి ఆరేళ్లు, నంబరు పిల్లలకి కూడా నోటికొచ్చు. "వద్దురా, వీధంతా లేస్తారు. పొద్దున్నే చూద్దాం" అన్నాడు. అంబులెన్స్ గుమ్మం ముందు ఆగడమంటే ఆయనకి అపశకునం. నేను సరే అన్నాను. నిజం రాసుకోవాలంటే, ఆయన వద్దనగానే నాకు హాయిగా అనిపించింది, పెద్దదేం కాదులే అని. తెల్లారి ఆటోలో తీసుకెళ్లాం. ఎన్నింటికి మొదలైందని డాక్టరు అడిగాడు. తొమ్మిదిన్నర అన్నాను. ఆయన గోడ గడియారం చూసి, ఇంకేమీ అనకుండా రాసుకున్నాడు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలని, మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దయినా ఆ క్షణం నుంచే లెక్క మొదలని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆ ఇంజెక్షన్ లేదు, విజయవాడ చేరేవాళ్లమో లేదో. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

మా చిన్నప్పుడు చేపలో ముళ్లు తీసి ముద్దలు పెట్టింది నాన్నే. బొటనవేలితో ముక్కని నొక్కి చూసేవాడు. ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. తర్వాత ఆరేళ్లు ఆయనకి ముళ్లు తీసి పెట్టింది నేను. "చేప తినేటప్పుడు రాజు పిలిచినా పలక్కూడదు" అనేవాడు, ఆ ముద్ద మాటతోనే. అప్పుడు నేను ఫోన్ చూసేవాణ్ణి కాదు.

కాబట్టి ఈ రోజు మా ఆవిడ కంగారుని నేను ఏమీ అనలేను. పిలవాల్సిన రోజున పిలవని ఇల్లు ఇది. ఇంక అప్పట్నించీ దేనికైనా పిలుస్తుంది. మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, సాయంత్రం ఫోన్ చేసి పడీ పడీ నవ్వాడు. వాడు కిందటేడు వేలు తెగితే అంబులెన్స్ బిల్లుకి భయపడి, చేతికి తువ్వాలు చుట్టుకుని ఊబర్‌లో వెళ్లాడట, అదీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి కాదు, చిన్న దెబ్బలు చూసే అర్జెంట్ కేర్ క్లినిక్కుకి. "నీకు ఊరికే వచ్చింది మావయ్యా, ఎంజాయ్" అన్నాడు. వాడికి అక్కడ బిల్లు భయం, నాన్నకి ఇక్కడ వీధి భయం. రోగం కంటే అవే ముందు నిలబడతాయి.

ఇంకొకతని గురించి రాసి పడుకుంటాను.

నేను బయటికొచ్చేటప్పుడు సైకిల్ గోడకి ఆనించి ఒకతను లోపలికి వచ్చాడు. నలభై ఉంటాయి, చేపల చెరువు మీద కాపలా పని. పిక్క మీద పసుపూ సున్నమూ కలిపిన పట్టు. నర్సమ్మ ఏమిటని అడిగితే "ఏం లేదమ్మా, కుక్క, చిన్న గాటే" అన్నాడు. ఎప్పుడంటే, గురువారం. మూడు రోజులైంది! ఆదివారం సెలవు దొరికిందని వచ్చాడట. నర్సమ్మ అతన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బుతో పావుగంట కడిగించింది. కరిచిన రోజునే చెయ్యాల్సింది, ఇప్పటికైనా చేద్దాం అంటూ, ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదయ్యా అని రెండుసార్లు చెప్పింది. అతను తల ఊపాడు గానీ, చూపు సైకిల్ మీదే ఉంది. కార్డు మీద ఇంజెక్షన్ల రోజులు 0, 3, 7, 28 అని రాసి, మొదటి రోజు ఈ రోజే, మళ్లీ బుధవారం రావాలి అంది. "బుధవారం పని ఉంటదమ్మా" అన్నాడు.

నేను అతనికి ఎదురుగానే ఉన్నాను, ముల్లు తీయించుకుని, 108లో వచ్చినవాణ్ణి. ఏదో ఒకటి చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు. బయట ఆటో మాట్లాడుకుని అరవై రూపాయలిచ్చి ఇంటికొచ్చాను.

ఇప్పుడే ఆవిడ పెరుగన్నం చల్లగా కలిపి ఇచ్చింది. చేపల పులుసు వెచ్చబెట్టి మూత పెట్టింది, రేపటికి ఇంకా బాగుంటుంది. రేపు తోక ముక్కలు ఆవిడకీ, నాకు నడుం ముక్కలూ అని ముందే చెప్పేసింది.

ఆఫీసుకి బస్టాండు మీదుగా వెళ్తాను రోజూ. బుధవారం ఆసుపత్రి రోడ్డు మీదుగా వెళ్లొచ్చు, పది నిమిషాలు ఎక్కువవుతుంది. గోడ దగ్గర సైకిల్ కనిపిస్తుందో లేదో చూడాలి. ఆకుపచ్చ సైకిల్, వెనక క్యారేజీకి మేత సంచి కట్టి ఉంటుంది.