వార్కో ఆత్తీవో: ఇటలీలో మా కారు ప్రయాణం

ఇటలీలో కారు నేను నడిపాను. మా ఆయన పక్కన కూర్చుని దారి చెప్పారు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, బంధువుల్లో ఎవరికి ఈ ట్రిప్పు గురించి చెప్పినా మొదట అడిగింది "మరి ఆయనకేమైంది?" అనే. ఆయనకేమీ కాలేదు. ఆటోమేటిక్ కారు తప్ప ఆయన చేతికి రాదు. మేం చూసిన తేదీల్లో అక్కడ ఆటోమేటిక్ అద్దె మామూలు కారుకి దాదాపు రెట్టింపు ఉంది. నేనేమో గుంటూరులో మా నాన్న పాత మారుతి 800 మీద నేర్చుకున్నదాన్ని. అలా తేలిపోయింది.

వీసా సంగతి సాగదీయను. షెంగెన్‌కి, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలకి, వెళ్లినవాళ్లందరికీ తెలిసిన తంతే: బ్యాంకు స్టేట్‌మెంట్లు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, ప్రతి రాత్రికీ హోటల్ బుకింగు. కారు కోసం అదనంగా కావాల్సింది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. స్లాట్ తీసుకుని ఆర్‌టీఏకి వెళ్లి, ఫారం 4ఏ నింపి, 1000 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను. ఏడాది పనిచేస్తుంది. అది లైసెన్సుకి బదులు కాదు, దానికి అనువాదం లాంటిది. రెండూ దగ్గర ఉండాలి.

అసలు టెన్షన్ మిలాన్ మల్‌పెన్సా ఎయిర్‌పోర్టులో, కారు అద్దె కౌంటర్ దగ్గర మొదలైంది. బుకింగ్ మా ఆయన పేరు మీద, క్రెడిట్ కార్డు ఆయనది, నడిపేది నేను. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. డిపాజిట్ పట్టుకోవాలంటే కార్డు ప్రధాన డ్రైవర్ పేరు మీదే ఉండాలట, అదీ క్రెడిట్ కార్డే, డెబిట్ కుదరదట. లేదంటే నన్ను రెండో డ్రైవర్‌గా చేర్చి రోజుకింత కట్టాలి. నా పర్సులో ఎప్పుడూ వాడని క్రెడిట్ కార్డు ఒకటి ఉండబట్టి సరిపోయింది. బుకింగ్ నా పేరుకి మార్చి, డిపాజిట్ పట్టేసరికి దాని లిమిట్లో ముప్పాతిక భాగం పోయింది. వెళ్లేవాళ్లు ఇది ఇంట్లోనే చూసుకోండి. ఇంకో మాట, తాళాలు చేతికొచ్చాక కారు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి. మేం తీసింది ఆరు నిమిషాలు. ముందు బంపర్ మీద గీత ఒకటి వాళ్ల కాగితంలో లేదు, రాయించాం.

మొదటి గంట గురించి చెప్పాలి. స్టీరింగ్ ఎడమవైపు, రోడ్డు మీద మనం ఉండాల్సింది కుడివైపు. గేర్ మార్చబోయిన ప్రతిసారీ నా ఎడమచెయ్యి వెళ్లి తలుపుకి కొట్టుకునేది. ఇండికేటర్ వెయ్యబోతే వైపర్లు ఆడేవి. చుక్క వాన లేదు, మేం మాత్రం అద్దం తుడుచుకుంటూ కోమో వైపు వెళ్లాం. మా ఆయనకి ఒక్కటే పని అప్పజెప్పాను, ప్రతి కూడలిలో "కుడి పక్కన, కుడి పక్కన" అనడం. మలుపు దాటిపోయాక "ఇక్కడ తిరగాలేమో" అనడం మాత్రం ఆయన సొంత కల్పన.

కోమో సరస్సు తిరగేసిన వై అక్షరంలా ఉంటుంది. మేం పడమటి ఒడ్డున పైకి వెళ్లాం. ఫొటోల్లో ఆ రోడ్డు చూస్తే పక్కన నీళ్లు, విల్లాలు, పూలు. నడిపేవాళ్లకి కనిపించేది వేరు. కొన్ని ఊళ్లలో రోడ్డు రెండు రాతి ఇళ్ల గోడల మధ్య నుంచి పోతుంది, ఎదురుగా టూరిస్టు బస్సు వస్తుంది. ఒకచోట అలాగే ఇరుక్కున్నాం. బస్సు డ్రైవర్ అద్దం దించి, నా సైడు మిర్రర్ని చేత్తో మడిచి, "పియానో, పియానో" అన్నాడు. మెల్లగా మెల్లగా అని. అప్పటికి నాకు ఆ అర్థం తెలియదు, కానీ గుంటూరు బ్రాడీపేటలో ఆటోవాడు "రా రా, ఇంకొంచెం" అన్నప్పుడు పోయినట్టే పోయాను. గోడకీ కారుకీ మధ్య నాలుగు వేళ్లు ఉంటుందేమో.

కదెనాబియా దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున వరెన్నాలో దిగాం. కారు దిగి రెయిలింగ్ దగ్గర నిలబడ్డాక గానీ నేను సరస్సు చూళ్లేదు. నాలుగు వందల మీటర్లకి పైగా లోతు ఉంటుంది, నీళ్ల రంగు చూస్తే తెలుస్తుంది. వరెన్నాలో రెండు రాత్రులున్నాం. అక్కడ చేసింది పెద్దగా ఏమీ లేదు. కారు పార్కింగులో పడేసి మెట్లెక్కాం, మెట్లు దిగాం.

పార్కింగ్ అనగానే, గీతల రంగు నేర్చుకోవాలి. నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, తెల్ల గీతలు సాధారణంగా ఉచితం, పసుపు గీతలు మనవి కావు. తెల్ల గీతల దగ్గర కూడా ఒక్కోచోట గడియారం బొమ్మ ఉన్న బోర్డుంటుంది. అలాంటిచోట వచ్చిన టైము తిప్పిపెట్టే అట్టముక్కని అద్దం వెనక కనిపించేలా పెట్టాలి.

మూడో రోజు వాల్తెల్లీనా లోయ గుండా తూర్పుకి వెళ్లాం. కొండవాలు మీద రాతిగట్లు కట్టి పెంచిన ద్రాక్షతోటలు. తిరానో ఊళ్లో ఎర్ర రైలొకటి పట్టాలు దిగి వచ్చిందా అన్నట్టు చర్చి ముందు రోడ్డు మీదనుంచే పోతుంది, కార్లన్నీ ఆగి దారిస్తాయి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే బెర్నీనా లైను అది. మధ్యాహ్నం పిత్సోకెరి తిన్నాం. బక్‌వీట్ పిండితో చేసిన మందపాటి పాస్తా, క్యాబేజీ, బంగాళాదుంప, చీజ్, వెల్లుల్లి వేసి కాచిన వెన్న. శాకాహారులకి ఆ లోయలో దొరికే వరం. మా ఆయన దాని మీద కందిపొడి చల్లుకున్నారు, నేను పక్క టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాను.

పెట్రోలు కూడా అక్కడే పోయించాం. బంకులో మనిషి లేడు. ముందు మిషన్లో కార్డు పెట్టాలి, అది 100 యూరోలు ఆపి పెట్టుకుని తర్వాత అసలు లెక్క తేలుస్తుంది, మిగతాది రావడానికి కొన్ని రోజులు పడుతుంది. బెంజీనా అంటే పెట్రోలు, గజోలియో అంటే డీజిలు. గ్యాస్ అని వినపడుతోంది కదా అని గజోలియో పట్టుకున్నారో, కారు అక్కడే ఉంటుంది. మనిషి వచ్చి పోసే పంపు దగ్గర "సెర్వితో" అని రాసుంటుంది, లీటరు ధర ఎక్కువ.

ఇక స్టెల్వియో, ఆల్ప్స్ కొండల మీదుగా పోయే కనుమ దారి. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్పంతా దానికోసమే ప్లాన్ చేశాం. ఎత్తు 2757 మీటర్లు. అప్పట్లో మిలాన్ ఉన్న లొంబార్దీ ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. దాన్ని కొండల అవతల ఆస్ట్రియాదే అయిన తిరోల్ ప్రాంతంతో కలపడానికి కార్లో దొనెగాని అనే ఇంజినీరు 1820, 1825 మధ్య ఈ రోడ్డు వేయించాడు. చలికాలం మంచుకి మూసేస్తారు. మేం వెళ్లింది సెప్టెంబరు నడిమధ్యన.

బోర్మియో వైపు నుంచి ఎక్కడం కష్టమనిపించలేదు. ఇరుకు సొరంగాల్లో కాస్త ఊపిరి బిగపట్టాను, అంతే. పైన మంచుగాలి, మోటారు సైకిళ్ల మంద, రొట్టెలో సాసేజి పెట్టి అమ్మే బండ్లు. మేం టీ తాగి, అవతలి వైపు కిందికి తొంగి చూశాం. రోడ్డు ఒకదాని కింద ఒకటిగా జంతికల గొట్టంలోంచి పడ్డట్టుంది. ప్రాతో వైపు దిగే ఆ దారిలో 48 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గరా నంబరు ఉంటుంది. పైనుంచి దిగుతుంటే ఒకటితో మొదలవుతుంది.

మొదటి పదీ నేను మాట్లాడలేదు. తిరుమలలో ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు, ఎదురు వచ్చేవాడుండడు. ఇక్కడ ఉంటాడు. ఇరుకు చోట దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకి దారివ్వాలని అక్కడి రూలు, అంటే ప్రతిసారీ ఆగాల్సింది నేనే. రెండో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపు ముందు నొక్కి వదిలేస్తూ దిగాను. ఎడమ మలుపు విశాలంగా తిరుగుతుంది. కుడి మలుపు మాత్రం లోపలికి చుట్టుకుపోతుంది, బానెట్టు ముందు రోడ్డు కనపడదు, ఆకాశం కనపడుతుంది. అలాంటిచోట మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి కింది వరస చూసి "ఇద్దరు సైకిళ్లు, ఒక వ్యాను, ఆగు... ఇప్పుడు పో" అని చెప్పారు. ఈ పద్ధతి పన్నెండో మలుపు దగ్గర కుదిరింది. ఇరవై రెండో నంబరు దగ్గర పాత హోటల్ ముందు ఆపి బ్రేకులు చల్లారనిచ్చాం. కాలిన వాసన మా కారుది కాదు, పక్కవాళ్లది. నా మోకాలు వణుకుతోంది, అది మాత్రం నాదే. నలభై ఎనిమిదో నంబరు దాటాక ఆయన చెయ్యి చాపారు, షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాం. పెళ్లైన 15 ఏళ్లలో మేం షేక్‌హ్యాండ్ ఇచ్చుకోవడం అదే మొదటిసారి.

కింద లోయంతా ఆపిల్ తోటలు. కోతల కాలం కావడంతో పెట్టెల ట్రాక్టర్ల వెనక మెల్లగా బొల్జానో చేరి, అక్కడినుంచి గార్దేనా లోయకి ఎక్కాం. ఇక్కడ మా దారి చెప్పే శాఖ కుప్పకూలింది. ఫోను సాంక్ట్ ఉల్‌రిష్ అంటుంది, బోర్డు ఓర్తిసేయ్ అంటుంది, దాని కింద ఉర్తిజేయ్ అని ఇంకొకటి. మూడూ ఒకటే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన ప్రాంతం కాబట్టి జర్మన్, ఇటాలియన్ రెండూ ఉన్నాయి, మూడోది స్థానికుల లదీన్ భాష. "పేరు ఏదైతే ఏం, ఊరు దాటేశాం" అన్నాను. వెనక్కి తిప్పాం.

అక్కడ మూడు రాత్రులు. ఒకరోజు కారు ముట్టుకోలేదు, కేబుల్ కారెక్కి ఆల్పె ది సియూజి పచ్చికబయలు మీద రోజంతా నడిచాం. ఇంకోరోజు సెల్లా కనుమ మీదికి వెళ్లాం. దొలొమైట్ కొండలు సాయంత్రం ఎండకి గులాబీరంగుకి తిరుగుతాయి, దానికి లదీన్‌లో ఎన్‌రొసాదిర అని పేరే ఉంది. ఒకప్పుడు సముద్రంలో పగడపు దిబ్బలట ఈ కొండలు. నేను వాటిని చూస్తున్నంతసేపూ ఆయన ఫోన్లో మరుసటిరోజు టోల్ గురించి చదువుతూ కూర్చున్నారు. అదీ మంచికే అయ్యింది. హైవే ఎక్కేచోట టికెట్ తీసుకోవాలి, దిగేచోట కట్టాలి. పసుపు రంగు తెలెపాస్ లైన్లు ట్యాగ్ ఉన్నవాళ్లవి, మన ఫాస్టాగ్ లాంటివి. వాటిలోకి అలవాటుగా దూరబోయాను, ఈసారి ఆయన సమయానికి చెప్పారు.

గార్దా సరస్సు ఇటలీలో అన్నిటికన్నా పెద్దది, కానీ కొండల తర్వాత మాకు ఆనలేదు. వెరోనాలో మా హోటల్ పాత ఊరి లోపల ఉంది. చెయ్యాల్సిందల్లా వాళ్లే చేశారు, కారు నంబరు అడిగి పోలీసుల దగ్గర నమోదు చేయించారు. ఎందుకంటే ఇటలీ పాత ఊళ్లలో చాలాచోట్ల జెడ్‌టీఎల్ అని ఉంటుంది, అంటే అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం. గేటుండదు, పోలీసుండడు. కెమెరా ఉంటుంది.

ఇంత తెలిసీ ఆఖరి రోజు దొరికిపోయాం. మిలాన్ వెళ్లే దారిలో ఒక చిన్న పాత ఊళ్లో కాఫీకి ఆగుదామనుకున్నాం. ఊరి పేరు అనవసరం, తప్పు మాదే. సందు మొదట్లో లైటు బోర్డు మీద "వార్కో ఆత్తీవో" అని ఎర్రగా వెలుగుతోంది. ఆయన చదివారు. "ఆత్తీవో అంటే యాక్టివ్. వార్కో అంటే దారి అయ్యుంటుంది. దారి తెరిచే ఉంది, పో." పోయాను. దారి అన్నది నిజమే. యాక్టివ్‌గా ఉన్నది మాత్రం కెమెరా.

రెండు నెలల తర్వాత నా కార్డు మీద అద్దె కంపెనీ కోత పడింది, మా పేరు, అడ్రసు అక్కడి పోలీసులకి ఇచ్చినందుకు సర్వీసు ఛార్జీ. జరిమానా ఇంకా రాలేదు. అది ఎనిమిదో నెలలో రిజిస్టర్డ్ పోస్టులో హైదరాబాద్ వచ్చింది. విదేశీయులకి పంపడానికి వాళ్లకి 360 రోజుల గడువుంటుందట. 83 యూరోలు, పోస్టు ఖర్చులు అదనం. ఐదు రోజుల్లో కడితే జరిమానాలో 30 శాతం తగ్గింపు. బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపులు ఆన్ చెయ్యడానికి మూడు రోజులు, రాని ఓటీపీ కోసం ఒక రోజు పోయాక ఐదో రోజు రాత్రి కట్టాం.

ఇప్పుడు మా ఇంట్లో వంటగది తడిగుడ్డ పెట్టి తుడిచినప్పుడు నేను "వార్కో ఆత్తీవో" అంటాను. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోతారు.